కన్నవారోకి ఈ ర్యాంకేంటండీ
ఇటలీ ఫుట్‌బాల్ డిఫెండర్లకి పాపులారిటీ ర్యాంకులిచ్చి కన్నవారోని అంత కిందకి నెట్టేశారేంటండీ, సోషల్ మీడియా ఫాలోవర్లే లెక్కా? 2006 వరల్డ్ కప్ సెమీస్, డార్ట్‌మండ్‌లో జర్మనీ మీద, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణాలు, మనిషి ఆరడుగులు కూడా ఉండడు, అయినా బాక్స్ దగ్గర ఎగిరి హెడ్‌తో బాల్ క్లియర్ చేశాడు, అక్కడితో ఆగకుండా ముందుకి ఉరికి జర్మనీ ఆటగాడు పొడోల్‌స్కీ దగ్గర బాల్ మళ్లీ లాగేశాడు, అదే మూవ్‌లో బాల్ ఇటలీ వాళ్లే అయిన టోటీకి, అక్కడినుంచి జిలార్డీనోకి, చివరికి డెల్ పియరో గోల్!! ఫైనల్ అతనికి ఇటలీ తరఫున 100వ మ్యాచ్, కప్పెత్తిన కెప్టెనూ అతనే. ఆ ఏడాది బాలన్ డి ఓర్ (ఏటా బెస్ట్ ఫుట్‌బాలర్‌కిచ్చే అవార్డు) వచ్చింది, మళ్లీ ఇప్పటిదాకా ఏ డిఫెండర్‌కీ రాలేదు. ఇంకో ఇటలీ డిఫెండర్ మాల్దీనీ పైనుంటే ఓకే, మిలాన్ క్లబ్‌కి 902 మ్యాచ్‌లాడినోడు, ఎవరు కాదంటారు. మిగతావాళ్లని కన్నవారో పైన పెట్టడం మాత్రం నేనొప్పుకోను.