మహారాజశ్రీ విమాన విధ్వంసక ఫిరంగి గారి దివ్య సముఖమునకు

అయ్యా,

నమస్కరించి వ్రాయునది. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒక యుద్ధ ప్రదర్శనశాలలో తమరి దర్శనం కోసం రెండు గంటలు వరుసలో నిలబడ్డాను. తమరి పక్కన ఒక ఎర్ర మీట ఉంది. దాన్ని నొక్కితే 1940 నాటి లండన్ రాత్రుల్లో తమరు చేసిన గర్జన వినిపిస్తుందని రాసి పెట్టారు. నా వంతు వచ్చాక నొక్కాను, ఏమీ వినిపించలేదు. మళ్ళీ నొక్కాను. అది చెడిపోయి నెలయిందనీ, వచ్చే వారం బాగు చేయిస్తామనీ అక్కడి ఉద్యోగి ఆవులిస్తూ సెలవిచ్చాడు. తమరిలోంచి చప్పుడు తీసేస్తే ఇంక మిగిలేది ఏమిటన్న ప్రశ్న ఇల్లు చేరేదాకా నన్ను వదలలేదు.

ఆ ఏడు సెప్టెంబరు 7న లండన్ మీద జర్మన్ విమానాల బాంబుల వాన మొదలైనప్పుడు, తొలి రాత్రుల్లో తమరి గొంతు పెద్దగా వినపడలేదు. నేలమాళిగల్లో తలదాచుకున్న జనం మన ఫిరంగులు ఏమైపోయాయని గొణగడం మొదలుపెట్టారు. తమరి పెద్ద జనరల్ ఫ్రెడరిక్ పైల్ ఇతర పట్టణాల నుంచి తమరి బంధువర్గాన్ని రప్పించి, సంఖ్యను రెట్టింపు చేసి, గురి కుదిరినా కుదరకపోయినా ఆగకుండా కాల్చమని ఆజ్ఞాపించాడు. సెప్టెంబరు 11 రాత్రి తమరు నగరాన్ని దద్దరిల్లజేశారు. ఆ మోతకు నిద్ర పట్టకపోయినా, మర్నాడు పనులకు వెళ్ళిన వాళ్ళ ముఖాల్లో కళ వచ్చిందట. ఆ ఘనత తమరిదే, కాదనను.

అయితే ఆ నెల పద్దు కూడా చూశాను. ఒక్క విమానాన్ని నేలకూల్చడానికి తమరు ఖర్చు చేసిన గుండ్లు సుమారు 30,000. తమరి 3.7 అంగుళాల రకం గుండు ఒక్కొక్కటి 28 పౌన్ల బరువు కనుక, పద్నాలుగు టన్నులకు మించని ఒక బాంబరును దించడానికి దాదాపు 380 టన్నుల ఇనుమును ఆకాశంలోకి విసిరారన్నమాట. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళకు కనీసం కొండ కరిగిందన్న తృప్తి ఉంటుంది. తమరు విసిరినదంతా ముక్కలై మళ్ళీ ఊరి మీదే రాలింది. వాటి దెబ్బకు పోయిన ప్రాణాలూ ఉన్నాయి.

తమరి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. గుండు పైకి చేరడానికి ఇరవై సెకన్లు పడితే, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఈలోగా ఒకటిన్నర కిలోమీటరు దాటిపోతుంది. అది ఎక్కడ ఉందో కాక, ఎక్కడ ఉండబోతుందో చీకట్లో ఊహించి, ఆ ఎత్తుకు తగ్గట్టు, గుండు ఎప్పుడు పేలాలో నిర్ణయించే ఫ్యూజును సరిచేసి కాల్చాలి. పైగా మీ భయానికి బాంబర్లు ఇంకా ఎత్తుకు పోయి గురి తప్పాయని, కూలినవాటి లెక్క ఒక్కటే చూడడం న్యాయం కాదని మీ తరఫువారు అంటారు. ఒప్పుకుంటాను. రాడార్ తోడయ్యాక, 1941 తొలినాళ్ళకు ఆ 30,000 సుమారు నాలుగు వేలకు దిగింది. 1944లో మిమ్మల్ని సముద్రతీరానికి తరలించి, లక్ష్యం దగ్గరికి రాగానే దానంతట అదే పేలే ఫ్యూజు ఇచ్చాక, జర్మన్లు వదిలిన, పైలట్ లేకుండా ఎగిరే బాంబులను మీరు నిజంగానే పిట్టల్లా రాల్చారు. 1942 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని మీ దాయాదులు ఖాళీ ఆకాశం మీదికి 1,400కు పైగా గుండ్లు పేల్చిన ముచ్చట ఇక్కడ ఎత్తను. పక్కనే నిలబడి దూరం, ఎత్తు లెక్కగట్టే ఆడపిల్లలను మిమ్మల్ని పేల్చే మీట మాత్రం ముట్టనివ్వని మర్యాద గురించీ ఎత్తను.

నన్ను పట్టి పీడిస్తున్నది 1943 మార్చి 3.

అంతకు రెండు రాత్రుల ముందు బ్రిటిష్ విమానాలు బెర్లిన్ మీద బాంబులు వేశాయి కనుక, ప్రతీకారం తప్పదని లండన్ ఎదురుచూస్తోంది. సైరన్ మోగగానే తూర్పు లండన్ జనం బెత్నల్ గ్రీన్ భూగర్భ స్టేషన్ వైపు నడిచారు. తోపులాట లేదు, అది వాళ్ళకు అలవాటైన దారే. అప్పుడు దగ్గరలోని విక్టోరియా పార్కులో మీ తమ్ముళ్ళు, కొత్తరకం రాకెట్లు, ఒక్కసారిగా పేలాయి. ఆ మోత అంతకు ముందు ఎవరూ విన్నది కాదు. అది మన వైపుదేనని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. బాంబులే అనుకుని జనం మెట్ల మీదికి తోసుకొచ్చారు. మసక చీకట్లో, కింది మెట్ల దగ్గర బిడ్డతో దిగుతున్న ఒక స్త్రీ తూలిపడింది. ఆమె మీద మరొకరు, వాళ్ళ మీద ఇంకొకరు. 173 మంది ఊపిరాడక పోయారు. వాళ్ళలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబూ పడలేదు. విచారణ నివేదికను 1945 దాకా బయటపెట్టలేదు.

ఇంతకాలం నీ చప్పుడే మందు అన్నారు కదా! అది పనిచేసింది నీ గొంతును జనం గుర్తుపట్టారు గనుక, పైన తమ తరఫున ఎవరో పోట్లాడుతున్నారని నమ్మారు గనుక. ఆ నమ్మకం మీద బతికినవాడివి, కొత్త గొంతుతో అరిచే ముందు ఒక్క మాట చెప్పి ఉండకూడదా? రహస్యమట! శత్రువు తల మీద పేలేదాన్ని శత్రువుకు తెలియకుండా దాచి, కింద పిల్లలను ఎత్తుకుని మెట్లు దిగుతున్న తల్లులకు కూడా చెప్పలేదు.

ప్రదర్శనశాలలో నీ పక్కనున్న ఫలకం మీద ఈ సంగతి ఒక్క పంక్తి అయినా లేదు. నీ గొట్టం మీద పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతున్నారు. వచ్చే వారం మళ్ళీ వస్తాను. ఆ పంక్తి చేర్చేదాకా ఎర్ర మీటను బాగు చేయించవద్దని ఆ ఆవులింతల ఉద్యోగికి అర్జీ రాసి ఇస్తాను.

ఇట్లు,
రెండు గంటలు వరుసలో నిలబడినవాడు