సేన్ ఒడ్డున లెక్క తప్పుతున్నది ఎక్కడ?

పారిస్ నది పేరే ఉన్నా, కెనడాలోని సేన్ ఓ చిన్న ఏరు. మానిటోబాలో శాండిలాండ్స్ అడవుల వైపు పుట్టి, వినిపెగ్‌ నగరంలో రెడ్ నదిలో కలుస్తుంది. దాని ఒడ్డున మిగిలిన అడవి ముక్క ప్లాట్ల కింద పోకుండా స్థానికులు పోరాడి ఆపారు. మంచిదే. ‘ఇక అడవికి ఢోకా లేదు’ అనే ధీమాతోనే నా పేచీ.

గడ్డి మైదానంలో అసలు అడవి ఉండటమే వింత. పూర్వం అక్కడ మంటలు లేస్తే మైళ్ల కొద్దీ గడ్డి ఊడ్చుకుపోయేది. ఏటి మెలికలు అడ్డుపడిన చోట, తడి ఉన్న పల్లంలో చెట్లు నిలిచాయి. బర్ ఓక్ బెరడు చూడండి, లోతైన పగుళ్లతో బెండులా మందంగా ఉంటుంది. చిన్నాచితకా మంటను అది తట్టుకుంటుంది. కాటన్‌వుడ్ కథ వేరు. దూదిపింజ కట్టుకుని ఎగిరే దాని విత్తనానికి ఆయుష్షు కొద్ది రోజులే. ఈలోగా వరద వదిలిపోయిన తడి ఒండ్రు మీద పడాలి. పచ్చగా పరిచిన లాన్ మీద పడితే అంతే సంగతులు.

మరి వరద ఏది? రెడ్ నది వరదను ఊరి చుట్టూ మళ్లించేందుకు 1962-68 మధ్య తవ్విన కాలువ, ఫ్లడ్‌వే, సేన్‌ను అడ్డంగా కోసేసింది. ఇప్పుడా ఏరు కాలువ అడుగున సైఫన్ గొట్టంలో దూరి ఊళ్లోకి రావాలి. గొట్టంలో ఎంత పడితే అంతే నీరు. ఫ్లడ్‌వే లేకపోతే 1997 నాటి పెద్ద వరదలో ఊరు ఏమయ్యేదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, దాన్ని పూడ్చమని ఎవరూ అనడం లేదు.

దీనికి తోడు ఎల్మ్ చెట్లను చంపే డచ్ ఎల్మ్ తెగులు 1975లోనే వినిపెగ్ చేరింది. యాష్ చెట్లను తొలిచే ఎమరాల్డ్ పురుగు 2017లో కనిపించింది. కొట్టేయడానికి గుర్తుగా కాండం మీద నారింజ రంగు చుక్క పెట్టారంటే ఆ ఎల్మ్‌కు రోజులు దగ్గరపడ్డట్టే. పోయిన చెట్టుకు బదులు మొక్క నాటితే సరిపోతుందనుకోవడం దగ్గరే అసలు చిక్కు. మొక్కల లెక్క చూపించి అడవి పెంచామనుకునే జబ్బు మనకూ ఉంది. తెలంగాణలో రోడ్ల పక్కన కోనోకార్పస్ వరుసలు నాటి, తర్వాత వద్దనుకున్నాం కదా!

సేన్ పల్లం సేన్‌కే వదలాలి. ఇళ్లు వెనక్కి జరగాలి, గడ్డి కోసే మెషిన్ ఒడ్డు దాకా రాకూడదు. నాటక తప్పదంటే ఆ ఒడ్డు ఓక్ కాయల నుంచి పెంచిన మొక్కలే నాటాలి.