గుడ్ల ట్రేలతో గది స్టూడియో అయిపోదు

"గోడలకు గుడ్ల ట్రేలు అంటించండి, కండెన్సర్ మైకు (చిన్న చప్పుడు కూడా పట్టే రకం) కొనండి, గెయిన్ (మైకు సిగ్నల్ పెంచే మీట) బాగా పెంచి పాడండి. మిగతాది మిక్సింగులో సర్దుకోవచ్చు." బెంగళూరులో మారతహళ్లి వైపు అద్దె గదుల్లో పాటలు రికార్డు చేసుకునే మన కుర్రాళ్ల మధ్య తెగ తిరుగుతున్న సలహా ఇది. ఇందులో ఏ ముక్కా నిలవదు.

ముందు ట్రేలు. బయటి చప్పుడు ఆగాలంటే అడ్డం ఉన్నదానికి బరువుండాలి, సందులుండకూడదు. అట్టకు బరువేదీ? రింగు రోడ్డు హారన్లు ఎక్కువగా దూరేది స్లైడింగ్ కిటికీ సందుల్లోంచి, తలుపు కింది ఖాళీలోంచి. ముందు అక్కడ రబ్బరు పట్టీ వేయండి. ఇక గదిలోపలి మోత. ట్రేలు పైస్థాయిని కొంత పీల్చి కిందిస్థాయిని వదిలేస్తాయి. 10 అడుగుల ఎడం ఉన్న గోడల మధ్య మోత సుమారు 56 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. దానికి అట్ట ఉన్నా లేనట్టే. గొంతులో మెరుపు పోతుంది, డబ్బాలో పాడినట్టు ఉండే 200–400 హెర్ట్జ్ మోత మాత్రం మిగులుతుంది. పైగా అట్టకు ఇట్టే నిప్పంటుకుంటుంది.

దాని బదులు 4×2 అడుగుల, 2 అంగుళాల మందం రాక్‌వూల్ (రాతి నారతో చేసిన, శబ్దం పీల్చే) పలకలు నాలుగు తీసుకోండి. చెక్క ఫ్రేములో పెట్టి బట్ట చుట్టండి. నోటితో ఊదితే గాలి అవతలికి పోయే బట్టే వాడాలి. గోడకు 2 అంగుళాలు ఎడంగా నిలిపితే ఇంకాస్త కిందిస్థాయి దాకా పీలుస్తాయి. రెండు పాడేవాళ్ల వెనక, చెరో పక్కా ఒకటి. వెనకే ఎందుకంటే, కార్డియాయిడ్ (ముందు వైపు చప్పుడు బాగా పట్టి, వెనక వైపుది వదిలేసే) మైకు ముఖం అటే ఉంటుంది, ఆ గోడకు కొట్టుకుని తిరిగొచ్చేదంతా నేరుగా అందులోకే పోతుంది. మైకు వీపు కిటికీ వైపు పెట్టండి. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లవుజులు తప్పనిసరి.

మైకు రకం కంటే దూరం ముఖ్యం. 30 సెంటీమీటర్ల నుంచి 15కి వస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత అక్కడే ఉంటుంది. దగ్గరైన కొద్దీ బేస్ ఉబ్బుతుంది కాబట్టి 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కిందిస్థాయిని కోసే ఫిల్టరు) వేయండి.

గెయిన్ పెంచితే ఫ్యాను చప్పుడు కూడా అంతే పెరుగుతుంది. 24 బిట్‌లో రికార్డు చేసేటప్పుడు పీకు (అన్నిటికన్నా పెద్ద చప్పుడు) మీటరు మీద మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగినా నష్టమేమీ లేదు. సున్నా దాటితే మాత్రం శబ్దపు అల నెత్తి తెగిపోతుంది, మళ్లీ పాడించుకోవాల్సిందే. లెవెల్ చూసుకోవాల్సింది పల్లవి హమ్ చేస్తూ కాదు, చరణంలో అన్నిటికన్నా పైకి వెళ్లే లైను నిండు గొంతుతో పాడుతూ.

"మిక్సింగులో సర్దుకోవచ్చు" అన్న మాటే అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేస్తోంది. కంప్రెసర్ పెద్ద స్వరాలను అణిచాక మేకప్ గెయిన్ (తగ్గినదాన్ని మళ్లీ పెంచడం) 6 డెసిబెల్స్ ఇస్తే, లైన్ల మధ్య ఫ్యాను కూడా 6 పైకి లేస్తుంది. నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే స, ష అక్షరాలు, ఊపిరి చప్పుడు నీళ్లలో విన్నట్టవుతాయి. పాడి రికార్డు చేసినంత సేపు ఫ్యాను ఆపండి. తంబూర శ్రుతి చెవులు మూసే హెడ్‌ఫోన్లలోనే వినండి. ఒక చెవి తీసి పాడితే ఆ శ్రుతి మైకులోకి కారుతుంది.

చివర్లో లిమిటర్‌తో (శబ్దం ఒక హద్దు దాటకుండా నొక్కే టూలు) మైనస్ 7 లఫ్స్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దాకా నొక్కడమూ వృథాయే. యూట్యూబ్ మైనస్ 14 కంటే పైనున్నదాన్ని తనే తగ్గించేస్తుంది. మృదంగం దెబ్బలో పదును పోవడం ఒక్కటే మీకు దక్కేది.