వంద రోజుల పోస్టర్ నుంచి పది రోజుల జీవో దాకా

2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 ఇచ్చింది. దాని ప్రకారం గ్రామ పంచాయతీలోని నాన్ ఏసీ హాల్లో ఎకానమీ టికెట్ 5 రూపాయలు. అదే రాష్ట్రంలో 2025 సెప్టెంబరులో 'ఓజీ' బెనిఫిట్ షో (మామూలు ఆటలకు ముందు వేసే ప్రత్యేక ఆట) టికెట్‌ను 1000 రూపాయలకు అమ్ముకోవచ్చని ఉత్తర్వులు వచ్చాయి. మొదటి జీవో వచ్చిన మర్నాడే విడుదలైన 'వకీల్ సాబ్' హీరో పవన్ కల్యాణ్, రెండో ఉత్తర్వు నాటికి ఉప ముఖ్యమంత్రి. ఆ రెండు కాగితాల మధ్య జరిగిందల్లా ఒక ఎన్నిక.

మన దగ్గర సినిమా, రాజకీయం అనగానే మాట ఒకే దారిన పోతుంది. ఫలానా హీరో పార్టీ పెడతాడా, అభిమానం ఓటవుతుందా, కటౌట్‌కు పాలు పోసినవాడు బ్యాలెట్ దగ్గర ఏం చేస్తాడు? నలభై ఏళ్లుగా టీవీల్లో, టీ కొట్ల దగ్గర నలుగుతున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు దొరికి చాలాకాలమైందని నా ఉద్దేశం. అసలు చూడాల్సింది అవతలి వైపు నుంచి. సినిమా రాజకీయానికి ఏమిచ్చిందన్నది పాత లెక్క. రాజకీయం చేతిలో సినిమా జుట్టు ఎలా చిక్కిందన్నది ఇప్పటి లెక్క.

పాత లెక్కను త్వరగా చూసేద్దాం. ఎన్టీఆర్ 1982 మార్చి 29న తెలుగుదేశం ప్రకటించి, 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాలకు 201 గెలిచారు. కృష్ణుడి వేషం చూసి జనం ఓట్లు గుద్దేశారని ఢిల్లీ విశ్లేషకులు అప్పట్లో తేల్చిపారేశారు. కానీ అంతకు ముందు అయిదేళ్లలో కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం ఊరూరా కథలా పాకింది. ఆత్మగౌరవం అన్న మాటకు అప్పటికే నేల దున్ని ఉంది, విత్తనం వేసింది ఎన్టీఆర్. వేషం జనాన్ని చైతన్యరథం దగ్గరకు రప్పించింది. ఓటు వేయించింది మాత్రం కోపం. లేకపోతే అదే కృష్ణుడు 1989లో కల్వకుర్తిలో ఎందుకు ఓడిపోతాడు?

చిరంజీవి 2008లో తిరుపతి సభకు రప్పించిన జనాన్ని చూసి ఉద్ధండులు కంగారుపడ్డారు. 2009లో వచ్చినవి 18 సీట్లు, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓటమి. పవన్ కల్యాణ్ పార్టీ జనసేనకు 2019లో ఒక్క సీటు, 2024లో పోటీ చేసిన 21కి 21. అదే హీరో, అవే ఫ్లెక్సీలు, అదే అభిమాన సంఘం. మారింది పొత్తు. సినిమా ఇచ్చేది గుర్తింపు, తొలి జనసందోహం, ఊళ్లలో జెండా మోయడానికి సిద్ధంగా ఉన్న కుర్రాళ్లు. తక్కినదంతా మామూలు రాజకీయమే: కులం లెక్క, పొత్తు, పాలకుడి మీద విసుగు.

ఇక ఇప్పటి లెక్క. దీనికి సినిమా వ్యాపారం ఎలా మారిందో తెలియాలి.

ఎనభైల్లో సినిమాకు ప్రింట్లు కొన్నే తీసేవారు. 'ఏ' సెంటర్లనే పెద్ద ఊళ్లలో ఆడాక అవే డబ్బాలు నెలల తర్వాత 'బి', 'సి' సెంటర్లనే చిన్న ఊళ్లకు చేరేవి. యాభై రోజులు, వంద రోజులు, సిల్వర్ జూబ్లీ. పోస్టర్ మీద కేంద్రాల సంఖ్య వేసుకుని మురిసిపోయే కాలం. మొదటి వారం కాస్త తగ్గినా మాట బాగుంటే నాలుగో వారం పుంజుకునేది. ప్రభుత్వంతో పని అప్పుడూ ఉండేది. మద్రాసు నుంచి పరిశ్రమను రప్పించడానికి స్టూడియోలకు స్థలాలు, వినోదపు పన్నులో రాయితీలు, నంది అవార్డులు. అదంతా మెల్లగా నడిచే వ్యవహారం. ముఖ్యమంత్రికి కోపం వస్తే స్థలం ఫైలు ఆగుతుంది తప్ప, శుక్రవారం విడుదలైన సినిమా సోమవారానికి మునిగిపోదు.

ఇప్పుడు సినిమా ఒకే ఉదయం వేల తెరల మీద పడుతుంది. బడ్జెట్ వందల కోట్లు, అందులో పెద్ద వాటా హీరోదే. నాలుగైదు వారాలు తిరక్కుండానే ఓటీటీలో కనిపిస్తుంది. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర హక్కులు కొన్న బయ్యర్లు పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే ఉన్నది తొలి వారాంతం, మహా అయితే పది రోజులు. అదీ మామూలు రేట్లతో రాదు. రేటు పెంచాలి, తెల్లవారుజామున ఆటలు వేయాలి. ఈ రెండింటికీ సంతకం పెట్టాల్సింది సచివాలయం. సినిమా హాళ్ల నియంత్రణకు 1955లో చేసిన చట్టం పాతదే. దాని విలువ పెంచింది పరిశ్రమే. వంద రోజుల ఆదాయాన్ని పది రోజుల్లోకి కుదించుకుని, ఆ పది రోజుల తాళం చెవి తనంతట తానే తీసుకెళ్లి ప్రభుత్వం చేతిలో పెట్టింది.

తాళం చెవి ఉన్నవాడు వాడకుండా ఉంటాడా? 2022 ఫిబ్రవరిలో 'భీమ్లా నాయక్' విడుదలైన రోజు థియేటర్ల దగ్గర రెవెన్యూ సిబ్బంది కాపలా కాశారు. పొలం సర్వే నంబర్లు చూడాల్సినవారు బాల్కనీ టికెట్లు లెక్కపెట్టారు. పేదవాడికి చవకగా వినోదం అన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం లేకపోలేదు, కుటుంబంతో సినిమాకు వెళ్లడం మోయలేని భారమైన మాట వాస్తవమే. కానీ అయిదు రూపాయల టికెట్‌తో కరెంటు బిల్లు కూడా రాదని ఆ రేటు రాసినవారికి తెలియదంటే నమ్మలేం. అదే నెల 10న చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రి జగన్‌ను కలిశారు. మార్చి 7న కొత్త జీవో వచ్చింది. కనిష్ఠం 20, గరిష్ఠం 250. పారితోషికాలు పక్కనపెట్టి 100 కోట్లు దాటిన సినిమాలకు, షూటింగ్‌లో అయిదో వంతు రాష్ట్రంలో చేసి ఉంటే, తొలి పది రోజులు రేటు పెంచుకునే వీలు. కోట్ల మంది అభిమానులున్న తారలు అంతమంది కలిసి వెళ్లి అడిగి తెచ్చుకున్నది ఆ పది రోజులు.

తెలంగాణలో కథ వేరేగా మొదలై అదే చోటికి చేరింది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్‌కు తొక్కిసలాట జరిగి ఒక మహిళ చనిపోయారు. 13న అల్లు అర్జున్ అరెస్టు. 21న శాసనసభలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇక బెనిఫిట్ షోలూ, రేట్ల పెంపూ ఉండవన్నారు. 26న పరిశ్రమ పెద్దలు వెళ్లి కలిశారు. జనవరి 8న 'గేమ్ ఛేంజర్'కు రేట్ల పెంపు, తెల్లవారుజాము నాలుగు గంటల ఆట, రెండూ మంజూరయ్యాయి. హైకోర్టు ప్రశ్నించాక 11న ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నారు. అసెంబ్లీలో చెప్పిన మాట మూడు వారాలు నిలవలేదు. ఆ ప్రాణం పోయిన రాత్రి ప్రీమియర్‌కు అనుమతి ఇచ్చింది ఎవరన్న ప్రశ్న మాత్రం ఈ హడావిడిలో ఎక్కడో జారిపోయింది.

ఈ తంతులో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది 2025 మే నెలలోని ఒక ప్రకటన. జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని, అద్దె వద్దు వసూళ్లలో పర్సంటేజీ కావాలని ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవారు, కదిలారు. అప్పుడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కార్యాలయం నుంచి ఘాటైన స్పందన వచ్చింది. ప్రభుత్వం ఏర్పడి ఏడాది కావస్తున్నా సినిమా సంఘాలు ముఖ్యమంత్రిని మర్యాదకైనా కలవలేదని, ఇది తమకు దక్కిన 'రిటర్న్ గిఫ్ట్' అని అందులో నిష్ఠూరం. టికెట్ల జీవో దెబ్బ ఎలా ఉంటుందో ఒంటిమీద అనుభవించిన మనిషి ఆయన. ఆ కుర్చీలో ఆయనే కూర్చున్నా, పరిశ్రమ వచ్చి పలకరించాలన్న ఎదురుచూపు మారలేదు. కొద్ది వారాలకు ఆయన నటించిన 'హరి హర వీరమల్లు'కూ రేట్ల పెంపు అనుమతి వచ్చింది. అడిగే సినిమాలో ఆయనే, ఇచ్చే ప్రభుత్వంలో ఆయనే. ఇందులో ఏదో ఇబ్బంది ఉందని పరిశ్రమలో ఎవరూ బయటికి అన్నట్టు నాకు కనిపించలేదు. ఎవరంటారు? వచ్చే శుక్రవారం వాళ్ల సినిమా కూడా ఉంటుంది.

తెర మీద ఏం కనిపిస్తోందో, ఏం కనిపించడం లేదో కూడా దీన్నిబట్టే అర్థం చేసుకోవాలి. గూడవల్లి రామబ్రహ్మం 1939లో 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల నిషేధం పడింది. ఆ సినిమాకు డబ్బు పెట్టిన సారథీ సంస్థ వెనుక ఉన్నదీ ఒక జమీందారే, చల్లపల్లి రాజా. అంత దూరం వెళ్లక్కర్లేదు, ఎనభైలనే చూడండి. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా, తిరుగులేని ప్రజాదరణతో ఉన్నప్పుడే కృష్ణ హీరోగా 1986లో 'నా పిలుపే ప్రభంజనం' వచ్చింది. 1987లో వచ్చిన 'మండలాధీశుడు'లో కోట శ్రీనివాసరావు ఎన్టీఆర్ వేషం, గొంతు అన్నీ అనుకరించి నటించారు. ఆ సినిమాలు గొప్పవని అనను, చాలాచోట్ల మొరటుగా ఉంటాయి, వాటి వెనుక కాంగ్రెస్ అభిమానమూ దాచుకున్నది కాదు. అయినా పదవిలో ఉన్న ముఖ్యమంత్రిని, అదీ తమ పరిశ్రమకే పెద్ద దిక్కయిన మనిషిని, ఆయన రాష్ట్రంలోనే హాళ్లలో ఎగతాళి చేశారు. అభిమానులు తన మీద దాడి చేశారని కోట తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. దెబ్బ పడితే అభిమానుల చేతుల్లో పడింది, ప్రభుత్వ ఉత్తర్వులో పడలేదు.

ఇప్పుడు రాజకీయ సినిమా అంటే ఎన్నికలకు ముందు వచ్చే జీవితకథ. 2019లో ఎన్టీఆర్ మీద రెండు భాగాలు, వైఎస్ మీద 'యాత్ర'. 2024లో 'యాత్ర 2', 'వ్యూహం', 'రాజధాని ఫైల్స్'. ఎవరి సినిమా వారిది, ఎవరి ప్రేక్షకులు వారికి. ఎదుటి పార్టీని తిట్టే సినిమాకు సొంత పార్టీ అండ ఉంటుంది. ఏ అండా లేకుండా, సీట్లో ఉన్నవాడిని ప్రశ్నించే పెద్ద హీరో సినిమా కోసం వెతికితే చేతికి ఏదీ తగలదు. తెర మీది హీరో ఇప్పటికీ ముఖ్యమంత్రి కాలర్ పట్టుకుంటూనే ఉన్నాడు. ఆ ముఖ్యమంత్రికి మాత్రం ఊరూ పేరూ ఉండవు, రాష్ట్రం ఏదో కూడా సరిగ్గా తెలియదు.

భయం ఒక్కటే కారణమని చెప్పి తేల్చేస్తే అన్యాయమవుతుంది. రెండు రాష్ట్రాలయ్యాక ఇద్దరు ముఖ్యమంత్రులను, రెండు సచివాలయాలను ఒకేసారి మెప్పించాల్సి వస్తోంది. దేశమంతా విడుదల అంటే ఢిల్లీ కూడా లెక్కలోకి వస్తుంది. వందల కోట్ల అప్పు మీద నడిచే సినిమాకు శత్రువులు ఉండకూడదు. చిన్న సినిమాలకు ఈ బెడద తక్కువ. రేటు పెంచమని అడగవు కాబట్టి ఎవరికీ మొక్కక్కర్లేదు. మొహమాటం లేకుండా మాట్లాడగలిగేది అవే. కానీ పండగ వారంలో వాటికి హాళ్లు దొరకవు.

మళ్లీ ఆ పది రోజుల దగ్గరికే వస్తాను. జీవో గడువు ముగిశాక పదకొండో రోజు టికెట్ మామూలు రేటుకు దిగుతుంది. పేదవాడి వినోదం పేరుతో ఇన్ని ఉత్తర్వులు వచ్చాయి కదా, ఆ పేదవాడు హాలుకు రాగలిగేది ఆ రోజు నుంచే. అప్పటికి ఆ హాల్లో వేరే సినిమా బోర్డు కట్టి ఉంటుంది.