టూసాన్ సంతాప సభలో టీషర్టులు: లోగో చూసి అనుమానం, బిల్లు చూడకుండానే తీర్పు

2011 జనవరి 8న అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో, ఓ సూపర్‌మార్కెట్ ముందు ప్రజలను కలుస్తున్న డెమొక్రాటిక్ ప్రతినిధుల సభ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మీద ఓ యువకుడు కాల్పులు జరిపాడు. తలకు బుల్లెట్ తగిలినా ఆమె బతికారు. ఫెడరల్ జడ్జి జాన్ రోల్, తొమ్మిదేళ్ల క్రిస్టినా టేలర్ గ్రీన్ సహా ఆరుగురు చనిపోయారు. నాలుగు రోజులకు అరిజోనా విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ స్టేడియంలో సంస్మరణ సభ జరిగింది. అధ్యక్షుడు ఒబామా వచ్చారు. జనం లోపలికి వచ్చేసరికే సీట్ల మీద టీషర్టులు వేసి ఉన్నాయి. వాటి మీద 'టుగెదర్ వి థ్రైవ్' (కలిసి ఎదుగుతాం) అనే నినాదం.

ప్రసంగం పూర్తికాకముందే అనుమానాలు మొదలయ్యాయి. ఇది సంతాప సభా, ఎన్నికల సభా? ఈ లోగో వైట్‌హౌస్ గీయించిందా? డబ్బు డెమొక్రాట్లదా? 2008లో ఒబామా ప్రచార వెబ్‌సైట్‌లో ఓ మద్దతుదారు రాసిన పోస్టుకు ఇదే శీర్షిక ఉందని కొందరు వెతికి పట్టుకున్నారు. సభలో చప్పట్లు, ఈలలు వినిపించడంతో అనుమానం ఇంకా బలపడింది.

ఊరికే పుట్టిన అనుమానం కాదిది. 2002 అక్టోబర్‌లో మిన్నెసోటా డెమొక్రాటిక్ సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ ఎన్నికలకు పదకొండు రోజుల ముందు, భార్య, కూతురుతో సహా విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన సంస్మరణ సభ కూడా ఓ యూనివర్సిటీ స్టేడియంలోనే జరిగింది. ఈ ఎన్నికను ఆయన కోసం గెలవాలని వేదిక మీదే పిలుపునిచ్చారు. వచ్చిన రిపబ్లికన్ నేతల్లో కొందరిని గేలిచేశారు. గవర్నర్ జెసీ వెంచురా మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. వెల్‌స్టోన్ స్థానంలో నిలబడ్డ వాల్టర్ మాండేల్ ఓడిపోయారు. ఆ సభను చూసినవాళ్లు టూసాన్ టీషర్టులను అనుమానంగా చూడడాన్ని నేను తప్పుపట్టను.

కానీ అనుమానం వచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. ఎవరు ఆర్డరిచ్చారు, ఎవరు డబ్బు కట్టారు అని అడగాలి. విశ్వవిద్యాలయం నేరుగానే జవాబిచ్చింది: పేరు, లోగో, టీషర్టులు మావే, ఖర్చు మాదే, వైట్‌హౌస్‌కు సంబంధం లేదు. దీన్ని కాదనే ఆధారం ఎవరూ చూపలేదు. అవే మామూలు మాటలు రెండు చోట్ల కనిపించడం ఆధారం కాదు. అయినా ఆ ప్రచారం ఆగలేదు.

ఆ వారంలో రెండో పక్షం, అంటే డెమొక్రాట్ల వైపువాళ్లు, చేసింది కూడా ఇదే. రిపబ్లికన్ నేత సారా పేలిన్ బృందం 2010లో విడుదల చేసిన మ్యాప్‌లో గిఫర్డ్స్ నియోజకవర్గం మీద తుపాకి గురి గుర్తు ఉంది. దాన్ని చూపించి కాల్పులకు కారణం ఇదేనన్నారు. నేరస్థుడు ఆ మ్యాప్‌ను చూసినట్టు ఏ ఆధారమూ బయటపడలేదు. నా దృష్టిలో ఈ రెండు ఆరోపణలూ ఒకే జాతివి. రెండింటిలోనూ గుర్తును చూసి ఉద్దేశాన్ని తేల్చేశారు.

అసలు రాజకీయ బ్రాండింగ్‌ను పట్టుకోవడం అంత కష్టం కాదు, ఎందుకంటే దానికి కాగితాలుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు వేసినప్పుడు ఎవరూ ఊహల మీద ఆధారపడలేదు. ప్రభుత్వ ఉత్తర్వులే ఉన్నాయి. 2020 మార్చిలో హైకోర్టు ఆ రంగులు తీసేయమంటే, ప్రభుత్వం మట్టి రంగు ఒకటి కలిపి, ఆకుపచ్చ అంటే వ్యవసాయం, తెలుపు అంటే పాలు అని అర్థాలు చెబుతూ కొత్త జీవో ఇచ్చింది. కోర్టు దాన్నీ కొట్టేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు నాలుగు వారాల గడువు పెట్టింది. అక్కడ జనం సొమ్ముతో పార్టీ రంగు వేశారన్నది రికార్డుల్లో ఉంది. టూసాన్‌లో అలాంటి రికార్డు లేదు.

అయితే విశ్వవిద్యాలయం చేసింది సరైన పని అని కూడా నేననను. మృతుల కుటుంబాలు ముందు వరుసల్లో కూర్చునే సభకు నినాదం ఎందుకు, లోగో ఎందుకు? ఊరంతా ఒక్కటై నిలబడిందని చెప్పాలనుకున్నారు, ఆ ఉద్దేశం మంచిదే. కానీ దేశాధ్యక్షుడు మాట్లాడే వేదిక ముందు వేల సీట్ల మీద ఒకే నినాదం పరిస్తే ఏమనిపిస్తుందో ఆలోచించాల్సింది. రాజకీయ నాయకుడు వచ్చే సంతాప సభలో పంచే ప్రతి వస్తువుకీ ఒక నియమం ఉండాలి: తయారు చేయించినవారి పేరు, డబ్బు కట్టినవారి పేరు ఆ సభ కరపత్రం మీదే ముద్రించాలి. విలేకరి ఫోన్ చేసి అడిగాక ఇచ్చే వివరణను అప్పటికే ఓ నిర్ణయానికి వచ్చినవాళ్లు నమ్మరు. టూసాన్‌లో జరిగింది అదే.