మెషిన్‌ను తిట్టే ముందు, ఆ గుడ్లు వారం రోజులు ఎక్కడున్నాయో చెప్పండి

"ఇరవై గుడ్లు పెడితే మూడే పిల్లలొచ్చాయండీ, ఇంక్యుబేటర్ బాగోలేదు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ నేను అడిగేది ఒక్కటే: మెషిన్‌లో పెట్టకముందు ఆ గుడ్లు ఎక్కడున్నాయి, ఎన్ని రోజులున్నాయి? ఫ్రిజ్‌లో అంటారు కొందరు. వంటింట్లో గిన్నెలో అంటారు ఇంకొందరు. గుర్తు లేదనేవాళ్లే ఎక్కువ. ఇరవై ఒక్క రోజుల పొదుగుడు గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం కానీ, దానికి ముందున్న ఆ వారం గురించి ఎవరూ పట్టించుకోరు. నా అనుభవంలో సగం పిల్లలు పోయేది అక్కడే. ఈ విషయం చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఈరోజు వివరంగా రాస్తున్నాను.

ముందు ఒకటి అర్థం చేసుకోవాలి. పుంజుతో కలిసిన పెట్ట పెట్టిన గుడ్డు, విత్తనంలా ఎప్పుడో మొలకెత్తబోయే వస్తువు కాదు. అది బయటికొచ్చేసరికే లోపల పిండం మొదలైపోయి ఉంటుంది. గుడ్డు తయారవుతూ పెట్ట కడుపులో దాదాపు ఒక రోజంతా ఉంటుంది. అక్కడ వేడి 41 డిగ్రీలకు దగ్గర. ఆ వేడిలో కణాలు విడిపోతూ, గుడ్డు గూట్లో పడేసరికి వేల సంఖ్యలో ఉంటాయి. బయటి గాలికి చల్లబడ్డాక ఆ ఎదుగుదల ఆగుతుంది. ఆగుతుందంతే, చచ్చిపోదు. మళ్లీ వేడి తగిలేదాకా ఆ ప్రాణం అలా నిలిచి ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా నిలిపి ఉంచడమే మన పని.

"పాతకాలంలో ఇవన్నీ ఎవరు చూశారండీ, పిల్లలు అవ్వలేదా?" అంటారు. అయ్యాయి, ఎందుకంటే అప్పుడు పెట్టే చూసుకుంది. రోజుకొకటి చొప్పున గుడ్డు పెట్టి లేచి వెళ్లిపోతుంది. పది, పన్నెండు పోగయ్యాక అప్పుడు కూర్చుంటుంది. అందుకే ముందు పెట్టిన గుడ్డూ చివర పెట్టిన గుడ్డూ దాదాపు ఒకేసారి పిల్లలవుతాయి. అంటే ఆగడం అనేది ప్రకృతిలోనే ఉంది. కానీ దానికో హద్దు కూడా ఉంది, ఆ హద్దు మనమే దాటుతున్నాం.

వారం రోజుల్లోపు నిల్వ చేసే గుడ్లకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం సరిపోతుంది. తేమ 70, 75 శాతం ఉంటే మంచిది, లేకపోతే పెంకులోంచి నీరు ఆవిరైపోయి గుడ్డు ఎండుతుంది. ఫ్రిజ్‌లో ఉండేది 4 డిగ్రీలు, పైగా లోపల గాలి పొడి. అక్కడ రోజుల తరబడి ఉంచితే చాలా పిండాలు మళ్లీ లేవవు. దయచేసి ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు పెట్టి మెషిన్‌ను అనుమానించకండి.

ఫ్రిజ్ తప్పని చాలామందికి తెలుసు, వంటింటి అరమరా తప్పేనని మాత్రం తెలియదు. గదిలో 30 డిగ్రీలుంటే పిండం ఎదగడం పూర్తిగా ఆగదు, అలాగని సరిగా ఎదగనూ ఎదగదు. అలా ఈడుస్తూ బలహీనపడి, మెషిన్‌లో పెట్టిన మొదటి రోజుల్లోనే చచ్చిపోతుంది. ఏడో రోజు లైటు పెట్టి చూస్తే ఎర్రటి రక్తపు రింగు కనబడుతుంది, లేదా గుడ్డు ఖాళీగా కనబడుతుంది. ఖాళీగా కనబడగానే "పుంజు పనికిరాదు" అని తేల్చేస్తారు. ఏ తప్పూ లేని మంచి పుంజులను ఇలా అమ్మేసుకున్నవాళ్లను చూశాను. ఖాళీ అనిపించిన గుడ్డును పగలగొట్టి చూడండి. మొదట్లోనే చనిపోయిందా, అసలు పిండం కట్టనే లేదా అన్నది లోపల చూస్తేనే తెలుస్తుంది.

ఇంట్లో అంత చల్లటి చోటు అందరికీ ఉండదు, నాకూ లేదు. మూత ఉన్న థర్మోకోల్ పెట్టెలో ఒక పక్కన చల్లటి నీళ్ల సీసా, దానికి తగలకుండా గుడ్ల ట్రే, మధ్యలో ఒక థర్మామీటర్ పెడతాను. సీసా మార్చడం మరిచిపోతే వేడి పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊగడం గుడ్డుకు మంచిది కాదు. ఈ మాత్రం ఏర్పాటు కూడా కుదరకపోతే మూడు నాలుగు రోజుల గుడ్లతోనే పెట్టేయండి. తక్కువ గుడ్లైనా ఫరవాలేదు.

తక్కువ గుడ్లు అనే మాట దగ్గర నేను చేసిన పొరపాటు చెప్పాలి. మొదట్లో ట్రే నిండితేనే మెషిన్ వేయాలని పట్టుబట్టి, పద్దెనిమిది రోజుల దాకా గుడ్లు పోగేశాను. ఏది ఏ రోజుదో రాసుకోలేదు కూడా. ముప్పై గుడ్లకు ఐదు పిల్లలొచ్చాయి. అవి కూడా ఒకేసారి రాలేదు, ఒకటిన్నర రోజు తేడాతో వచ్చాయి. అప్పుడు తెలియలేదు కానీ కారణం సులువే. వారం దాటాక ప్రతి రోజూ పిల్లలయ్యే అవకాశం తగ్గుతూ పోతుంది, రెండు వారాలు దాటితే బాగా పడిపోతుంది, మూడు వారాలకు దాదాపు ఆశ వదులుకోవాల్సిందే. పైగా నిల్వ ఉన్న ఒక్కో అదనపు రోజుకూ పిల్ల బయటికి రావడానికి సుమారు ఒక గంట ఎక్కువ పడుతుంది. ఆ రోజు ముందే వచ్చి ఒళ్లు ఆరిన పిల్లలనూ ఇంకా పెంకు కొట్టలేక తంటాలు పడుతున్న పిల్లలనూ ఒకే ట్రేలో చూస్తుంటే కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. అప్పట్నుంచి ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ రాస్తున్నాను. పెన్సిలే వాడండి, మార్కర్ ఇంకు వద్దు.

ఇక కడగడం. గుడ్డు శుభ్రంగా ఉండాలని మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే పని ఇదే. పెంకు మీద కంటికి ఆనని వేల రంధ్రాలుంటాయి. పిండం ఊపిరి పీల్చేది వాటిలోంచే. వాటిని కప్పుతూ క్యూటికల్ అనే సన్నటి పొర ఉంటుంది, క్రిములను ఆపేది అదే. నీళ్లు పోసి రుద్దితే ఆ పొర పోతుంది. గుడ్డుకన్నా చల్లటి నీళ్లైతే లోపలి పదార్థం కుంచించుకుని, మురికి నీళ్లను రంధ్రాల్లోంచి లోపలికి లాక్కుంటుంది. తర్వాత 37.5 డిగ్రీల వేడిలో ఆ క్రిములు పెరుగుతాయి, గుడ్డు మురుగుతుంది, ఒక్కోసారి మెషిన్‌లోనే పగిలి మిగతా గుడ్లనూ పాడుచేస్తుంది. కొంచెం అంటుకున్న ఎండు మట్టిని పొడిగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. బాగా పెంట అంటుకున్న గుడ్డును పొదుగుకు పెట్టనే వద్దు. అసలు మందు గూట్లో పొడి గడ్డి మార్చడం, రోజుకు రెండు మూడుసార్లు గుడ్లు ఏరడం.

ఎంపిక పెద్ద విద్యేం కాదు. పగుళ్లున్నవి, పెంకు పలచగా ఉన్నవి, వంకర తిరిగినవి, మరీ పెద్దవి, మరీ చిన్నవి పక్కన పెట్టండి.

నిల్వలో మొన కిందికి, లావు వైపు పైకి ఉండాలి. గాలి అర, అంటే పెంకు లోపల గాలి ఉండే చిన్న ఖాళీ, ఉండేది లావు వైపే. వారంలోపైతే తిప్పకపోయినా పెద్దగా నష్టం లేదు. అది దాటితే మాత్రం రోజుకొకసారైనా ట్రేను ఒకవైపు నుంచి ఇంకోవైపుకు వాల్చాలి, ఎందుకంటే రోజులు గడిచేకొద్దీ తెల్లసొన పలచబడి, పచ్చసొన పైకి తేలి పెంకు లోపలి పొరకు అతుక్కునే ప్రమాదం ఉంది. దూరం నుంచి కుదుపుల్లో వచ్చిన గుడ్లనైతే వెంటనే పెట్టకండి. మొన కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా వదిలేయండి, గాలి అర కుదురుకుంటుంది.

చివరి రాత్రి పని ఇంకొకటి ఉంది. చల్లటి చోటు నుంచి తీసి నేరుగా వేడి మెషిన్‌లో పెడితే పెంకు మీద చెమట పడుతుంది. ఆ తడిలో క్రిములు సులువుగా లోపలికి పోతాయి. అందుకే ముందు రోజు రాత్రే గుడ్లు బయట పెట్టి గది వేడికి రానివ్వండి. మెషిన్‌ను కూడా ఒక రోజు ముందే ఆన్ చేసి, ఇంకో థర్మామీటర్‌తో సరిచూడండి. ఫ్యాన్ ఉన్నదాంట్లో 37.5 ఉండాలి. ఫ్యాన్ లేనిదైతే గుడ్ల పైభాగం ఎత్తులో కొలిస్తే సుమారు 38.5 ఉండాలి.

ఇవన్నీ చేశాక కూడా పిల్లలు సరిగా రాకపోతే, అప్పుడు మెషిన్‌ను అనుమానించండి, నేనూ మీతోపాటే అనుమానిస్తాను. కానీ నన్ను అడిగేటప్పుడు ఎన్ని పెడితే ఎన్ని వచ్చాయో ఒక్కటే చెప్పకండి. గుడ్ల మీది తేదీలు, పెట్టెలో థర్మామీటర్ చూపించిన అంకె, పగలగొట్టి చూసినప్పుడు లోపల ఏం కనబడిందో, అవి కూడా చెప్పండి. ఎక్కడ పోయిందో కలిసి వెతుకుదాం.