ఎండ పేరు చెప్పి స్పోర్ట్స్ కారులో 20డబ్ల్యూ-50 పోయించే సాములారా

తిరుపతిలో ఏ షెడ్డుకు పోయినా ఒకటే మాట. "మన ఎండకు పల్చటి ఇంజిన్ ఆయిల్ నిలబడదన్నా, చిక్కటి 20డబ్ల్యూ-50 పోయించు, ఇంజిన్ పదికాలాలు ఉంటుంది." పాత అంబాసిడర్‌కో, జీపుకో ఈ సలహా ఇస్తే నేనూ సరే అనేవాణ్ణి. టర్బో పెట్రోల్ బండ్లకు, పోలో జీటీలకు, ఆక్టేవియా వీఆర్‌ఎస్‌లకు, ఊళ్లో అరుదుగా కనిపించే మస్టాంగులకు కూడా ఇదే మందు రాస్తుంటే మాత్రం ఒళ్లు మండుతోంది.

ముందు ఈ ఎండ సంగతి తేల్చేద్దాం. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద 43 డిగ్రీలు ఉందనుకోండి. ఇంజిన్ లోపల అది పెద్ద లెక్క కాదు. థర్మోస్టాట్ అనే వాల్వు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. ఆయిల్ కూడా మామూలు నడకలో 90కీ 110కీ మధ్యే తిరుగుతుంది. జర్మనీలో అంతే, తిరుచానూరులోనూ దాదాపు అంతే. ఇంకో సంగతి, 40 డిగ్రీల దగ్గర మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే ఐదారింతలు చిక్కగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారును స్టార్ట్ చేసినా, ఆ క్షణాన ఆయిల్ కావలసినదానికంటే చిక్కగానే ఉందన్నమాట. ఎండకు నీళ్లయిపోతుందనేది ఉత్త మాట.

డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్టింగ్ గురించి. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర. హార్స్‌లీ హిల్స్ మీద డిసెంబరు తెల్లవారుజామున వణికిపోతాం గానీ అక్కడ కూడా సున్నాకు దిగదు. కాబట్టి దాని మీద మనం కొట్టుకోనక్కర్లేదు. చూడాల్సింది రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు ఉంటే 30 అంటారు, 16.3 లోపైతే 40, 21.9 లోపైతే 50. ఈ లెక్కన 12.4 ఉన్న 30కీ, 12.6 ఉన్న 40కీ తేడా ఏముంది? రెండు కంపెనీల 40ల మధ్యే అంతకంటే ఎక్కువ తేడా ఉండొచ్చు.

అసలు గ్రేడ్ ఒక్కటి చూసి ఆయిల్ కొనడమే సగం పని. బేరింగుల మధ్య, పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్ నలిగిపోతుంటుంది. ఆ ఒత్తిడిలో దాని పొర ఎంత నిలబడుతుందో 150 డిగ్రీల దగ్గర కొలుస్తారు. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. ఈ గ్రేడ్లు నిర్ణయించే ఎస్ఏఈ సంస్థ లెక్కలో 30 గ్రేడ్‌కు అది కనీసం 2.9 ఉంటే చాలు. యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన సీ3, ఏ3/బీ4 ప్రమాణాల్లో మాత్రం 3.5 ఉండి తీరాలి. అంటే షాపులో పక్కపక్కనే ఉన్న రెండు 5డబ్ల్యూ-30 డబ్బాల్లో ఒకటి మైలేజీ కోసం చేసింది, ఇంకోటి టర్బో వేడిని, హైవే స్పీడును తట్టుకోవడానికి చేసింది కావచ్చు. ముందు వైపు రెండింటి మీదా ఒకటే అంకె! వెనక వైపు చిన్న అక్షరాల్లో ఫోక్స్‌వ్యాగన్ 502 00 అనో, 504 00 అనో, పోర్షే సీ30 అనో, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04 అనో ఉంటుంది. మీ మాన్యువల్లో ఉన్నది ఆ డబ్బా మీద ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. కళ్లజోడు పెట్టుకునైనా చదవండి.

"చిక్కగా ఉంటే నష్టమేముందబ్బా" అంటారు. ఉంది. ఇప్పటి చాలా ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్‌ను, అంటే వాల్వులు తెరుచుకుని మూసుకునే వేళను, మార్చేది ఆయిల్ ఒత్తిడే. సన్న దారుల్లో అది టైముకు చేరాలి. మా పిన్నమ్మ కొడుకు చిత్తూరులో ఒక షెడ్డులో తన టర్బో కారుకు 20డబ్ల్యూ-50 పోయించుకొచ్చాడు. మర్నాటి నుంచి పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు టకటకమని చప్పుడు. షెడ్డాయన గేజీ చూపించి, "చూడు సామీ, ప్రెషర్ ఎట్లా పెరిగిందో" అని మురిసిపోయాడట. ఆయిల్ సులువుగా పారకపోయినా ప్రెషర్ పెరుగుతుంది కదా! ఒక హద్దు దాటితే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని, పంపు తోడినదాంట్లో కొంత బేరింగుల దాకా పోకుండానే వెనక్కి వస్తుంది. మాన్యువల్లో రాసిన ఆయిల్ పోయించాక ఆ చప్పుడు పోయింది.

ఇక రెండో రకం వాళ్లున్నారు. అమెరికా వీడియోలు చూసి 0డబ్ల్యూ-20 తప్ప ఏది పోసినా పాపమే అంటారు. పల్చటి ఆయిల్ వెనక ఇంజనీరింగ్ ఉంది, కాదనను. కానీ మైలేజీ సగటు మీద అక్కడి ప్రభుత్వం కంపెనీలకు పెట్టిన నిబంధనలు కూడా ఉన్నాయి. మస్టాంగ్ 5.0 జీటీకి ఫోర్డ్ చాలా ఏళ్లు 5డబ్ల్యూ-20 రాసింది. అదే 5.0 ఇంజిన్ కుటుంబంలో ట్రాక్ కోసం తయారైన బాస్ 302కు 5డబ్ల్యూ-50 రాసింది. మూడు గ్రేడ్లు ఎందుకు పెంచింది? ఆ బండిని ఎలా తోలుతారో తెలుసు కాబట్టి. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3కి 10డబ్ల్యూ-60 చెప్పారు, నిస్సాన్ జీటీ-ఆర్‌కు 0డబ్ల్యూ-40. ఇంజిన్ ఇంజిన్‌కూ లెక్క వేరు. ఎక్కువ స్పీడులో, భారీ లోడుతో తోలితే ఇంకాస్త చిక్కటి గ్రేడ్ నప్పవచ్చని టయోటా మాన్యువల్స్‌లోనే ఒక వాక్యం ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు.

"మాది ఘాట్ రోడ్డు కదన్నా" అనే వాదన ఇంకా తమాషాగా ఉంటుంది. అలిపిరి నుంచి కొండ మీదికి సుమారు 18 కిలోమీటర్లు. కనీసం 28 నిమిషాలు పట్టాలని టీటీడీ నియమం. సగటున గంటకు 40 కూడా దాటకుండా, గోవిందా అనుకుంటూ ఎక్కే బండికి రేసింగ్ ఆయిల్ ఎందుకు? అదే మీరు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోయి, ఆ 3.7 కిలోమీటర్ల చుట్టు మీద ఆపకుండా రౌండ్లు కొట్టేవాళ్లయితే సంగతి వేరే. అక్కడ ఆయిల్ 120 దాటి అక్కడే నిలబడుతుంటే, మాన్యువల్ ఒప్పుకున్న మేరకు ఒక గ్రేడ్ పైకి పోవడంలో అర్థముంది. ఇంటికొచ్చాక తొందరగా మార్చేయాలి కూడా.

మన ఊరి బండ్లకు గ్రేడ్ కంటే పెద్ద జబ్బు వేరే ఉంది. లీలామహల్ సర్కిల్ నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో కాలని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. ఇలా తిరిగేవాళ్లే ఖరీదైన ఆయిల్ పోయించి 15,000 కిలోమీటర్లు లాగుతారు. ఆ డబ్బుతో స్పెసిఫికేషన్ సరిపోయే ఆయిల్‌ను సగం దూరానికే మార్చుకోవచ్చు. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ మాత్రం ఎంత చౌకైనా వద్దు. సీల్ మీ ఎదుటే తీయించండి, ఖాళీ డబ్బాకు కన్నం పొడిచి రండి. వాటిలో నకిలీ నింపి మళ్లీ అమ్మేవాళ్లున్నారు.

పలమనేరు దాటాక దారిలో ఆయిల్ లెవెల్ తగ్గిందని పసుపు లైటు వెలిగితే ఏం చేయాలని చాలామంది అడుగుతుంటారు. మీ గ్రేడ్ దొరక్కపోతే బంకులో ఉన్న మంచి కంపెనీ సీల్డ్ డబ్బా, 30 బదులు 40 అయినా సరే, కొంచెం కొంచెంగా పోసి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూసుకోండి. ఊరు చేరాక మొత్తం మార్పించండి. వెలిగింది ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే ఎర్ర లైటైతే గ్రేడ్ సంగతి వదిలేసి, బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, టోయింగ్ వాళ్లకు ఫోన్ చేయండి.